గోడకు వేసిన సున్నం

సంక్రాంతి ఇంకా పదిహేను దినాలు ఉన్నదనగా మద్దిలపాలెంలోని మా ఇంటి పెరట్లోకి ఒక పాత ఇనుప డ్రమ్ము వచ్చేది. బజారునుంచి గోనెసంచిలో తెచ్చిన తెల్లని గడ్డలను అందులో పోసి, పైన బిందెలతో నీళ్ళు గుమ్మరించేవారు. కింద కట్టె లేదు, నిప్పు లేదు. అయినా కొద్ది నిమిషాలలో నీరు కుతకుత ఉడకడం ఆరంభించేది. గడ్డలు పగిలి, పొంగి, పిండిపిండి అయిపోయేవి. వేడి ఆవిరి కొట్టంత ఎత్తుకు లేచేది. మా నాయనమ్మ కర్ర పుచ్చుకొని కాపలా నిలబడేది. "కళ్ళల్లో పడితే చూపు పోద్దిరా, ఎడంగా నిల్చోండి" అని ఆమె కేకలు వేస్తూ ఉండగానే ఒక ఏడు నేను దగ్గరకు పోయినాను. మణికట్టు మీద ఒక చుక్క పడినది. ఆ మచ్చ నేటికీ ఉన్నది.

ఆరిన తరువాత ఆ పాలవంటి ద్రవాన్ని పాతగుడ్డలో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో గోడలకు పూసేవారు. పూసినప్పుడు గోడ మసకమసకగా, నీళ్ళు చల్లినట్లుగా మాత్రమే కనబడేది. మరునాటి ఉదయానికి మల్లెపూవువలె తెల్లబడేది. నిప్పు లేకుండా నీరు ఎట్లా ఉడికినది, పూసిన రాత్రికి లేని తెలుపు తెల్లవారేసరికి ఎక్కడినుంచి వచ్చినది అని ఆనాడు నన్ను వేధించిన రెండు ప్రశ్నలకు సమాధానం హైస్కూలులో దొరికినది. నిప్పు లేకపోలేదు, అది ముందే బట్టీలో పెట్టబడినది అని మా సైన్సు మాస్టారు చెప్పినారు. బట్టీలో కాలిన కట్టెలు, బొగ్గులు ఇచ్చిన వేడిలో కొంత భాగం ఆ గడ్డలలో దాగి ఉన్నది. నీరు తగలగానే అది బయటికి వచ్చినది. నీటిని ఉడికించినది మా పెరటి మంట కాదు. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో వేసిన మంట.

సున్నపురాయి కాని, సముద్రపు గుల్ల కాని, రెండింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం. దానిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు, అనగా నేడు మనం కార్బన్ డయాక్సైడ్ అని పిలిచేది, విడిపోయి పైకి పోతుంది. నూరు పాళ్ళ రాయి కాల్చితే మిగిలే పొడిసున్నం 56 పాళ్ళు మాత్రమే. తక్కిన 44 పాళ్ళు గాలిలో కలిసినది. ఆ 56 పాళ్ళకు 18 పాళ్ళ నీరు చేరితే 74 పాళ్ళ తడిసున్నం అవుతుంది. మా డ్రమ్ములో జరిగినది ఇదే. ఆ తడిసున్నం గోడమీద ఉండి, మన చుట్టూ ఉన్న గాలిలోనుంచి 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి పుచ్చుకొని, 18 పాళ్ళ నీటిని వదలి, మళ్ళీ నూరు పాళ్ళ రాయి అవుతుంది. లెక్క ఎక్కడా వీసం తప్పదు. గోడ తెల్లబడుటకు ఒక కారణం తడి ఆరుట, మరొక కారణం పూసిన సున్నం పలుచని రాతిపొరగా మారుట.

ఈ లెక్కను మొదట త్రాసులో తూచి చూపినవాడు స్కాట్లండు దేశస్థుడైన జోసెఫ్ బ్లాక్. ఆయన వైద్య విద్యార్థి. ఆ కాలంలో మూత్రాశయంలో రాళ్ళకు సున్నపుతేటను మందుగా ఇచ్చేవారు. ఆ మందు మంచిచెడ్డలు విచారించబోయి ఆయన రసాయనశాస్త్రాన్నే మలుపు తిప్పినాడు. సున్నపురాయి కాలినప్పుడు బరువు తగ్గుతున్నదని, తగ్గిన బరువు ఒక వాయువుదని, ఆ వాయువు మామూలు గాలి కాదని 1756లో ప్రకటించినాడు. దానికి ఆయన పెట్టిన పేరు స్థిరవాయువు అనే అర్థమిచ్చేది, రాతిలో స్థిరంగా కట్టుబడి ఉన్నది గనుక. మన ఊపిరిలోనూ అదే వాయువు ఉన్నదని సున్నపుతేటలోకి ఊది చూపినాడు. గాలి అంటే ఒకటే అనుకొనే రోజులలో అది చిన్న మాట కాదు.

త్రాసు లేకపోయినా, సున్నం చేసే పనులు మన ఇండ్లలోని స్త్రీలకు తరతరాలుగా తెలిసినవే. తమలపాకుకు రాసే సున్నం సంగతి చెప్పనక్కరలేదు. పెండ్లికూతురు పాదాలకు పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిపి నూరినది. పసుపు పచ్చన, సున్నం తెల్లన, రెండూ కలిసినచో ఎరుపు. పసుపులోని రంగుపదార్థానికి క్షారం తగలగానే ఎర్రబడే గుణం ఉన్నది. పురిటింటిలో, పెండ్లివాకిట్లో దిష్టి తీసే ఎర్రనీళ్ళ పళ్ళెంలో జరిగేదీ ఇదే. ఆ నీళ్ళలో నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి పసుపు తిరిగి వస్తుంది. కాలేజీ ప్రయోగశాలలో ఆమ్లమో క్షారమో తేల్చడానికి విద్యార్థి వాడే కాగితం చేసే పని మన హారతిపళ్ళెం ఏనాటినుంచో చేస్తున్నది. అనకాపల్లి చుట్టుపట్ల బెల్లం వండేవారు మరిగే చెరకురసంలో కాస్త సున్నం వేయడం కూడా ఇటువంటి ఎరుకే. రసంలోని పులుపును సున్నం చంపుతుంది, మడ్డి విరిగి తెట్టుగా పైకి తేలుతుంది, పాకం గట్టిగా అచ్చు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరం మీద విరుచుకుపడిన తరువాత వీధులలో చల్లిన బ్లీచింగు పొడి కూడా సున్నం బిడ్డయే. తడిసున్నానికి క్లోరిన్ వాయువు పట్టించి దానిని చేస్తారు.

ఇంతకూ మా డ్రమ్ములోకి వచ్చిన ఆ గడ్డలు ఎక్కడివి? మన విశాఖ తీరానికి సంబంధించినంతవరకు ఈ ప్రశ్నకు సమాధానం కొండలలో మొదలు పెట్టవలెను. అనంతగిరి కొండలలో బొర్రా గుహలు చూడనివారు మన జిల్లాలో తక్కువ. వానచినుకు గాలిలోనూ, నేలలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకొని, పేరుకు మాత్రమే పులుపైన నీరవుతుంది. ఆ కొద్ది పులుపే చాలు, లక్షల ఏండ్లలో సున్నపురాతిని కరిగించి గుహలు తొలవడానికి. గుహ కప్పునుంచి చుక్క వేలాడుతున్నంతసేపటిలో వాయువు కొంత విడిపోతుంది, కరిగిన రాయి తిరిగి పేరుకొంటుంది. శివలింగమనీ, ఏనుగనీ మార్గదర్శకులు దీపం వేసి చూపే ఆకారాలన్నీ అట్లా చుక్కచుక్కగా తయారైనవే. పేరుకొనక మిగిలిన సున్నాన్ని తనలో కలుపుకొని గోస్తనీ నది కిందికి దిగుతుంది, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖపట్నానికి తాగునీరుగా కూడా వస్తున్నది. నీరు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకొనే పెచ్చు ఇటువంటి కరిగిన రాయే. చింతపండు పులుసు పోసి తోమితే కరిగిపోతుంది.

సముద్రంలో చేరిన సున్నాన్ని నత్తలు, ఆలుచిప్పలు, గవ్వలు తమ ఒంటికి కవచంగా అల్లుకొంటాయి. ఆ గుల్లలను తీరాన ఏరి బట్టీలో కాల్చితే వచ్చేది గుల్లసున్నం. రాతిసున్నం కంటె అది తెలుపనీ, నున్నననీ మేస్త్రీలు చెప్పేవారు. ఈ గుల్లలోని సున్నం ఫలానా కొండదేనని వేలు పెట్టి చూపడం ఎవరితరమూ కాదు. నదులన్నీ తెచ్చినది సముద్రంలో ఏకమైపోతుంది. కాని కొండ, నది, సముద్రం, గుల్ల, బట్టీ, గోడ అనే ఈ వరుసలో ప్రతి మెట్టూ మన ప్రాంతంలోనే కంటితో చూడవచ్చునన్నది నిజం.

సిమెంటు రాకముందు కట్టిన కట్టడాలలో ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్నది ఈ సున్నమే, లేదా ఒట్టి మట్టి. బ్రిటనులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు హక్కుపత్రం పొందినది 1824లో. అంతకు ముందరి కట్టుబడి అంతా డంగుసున్నంతో. గుండ్రని కాలువలో ఎద్దులు రాతిచక్రాన్ని లాగుతూ ఉంటే ఇసుకా సున్నమూ గానుగలో నలిగేవి. కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు అందులో పోసేవారు. పలుచోట్ల గోడపై పూతకు కోడిగ్రుడ్డు తెల్లసొన కూడా కలిపి, అద్దంవలె మెరిసేదాకా నున్నటి రాతితో రుద్దేవారు. డంగుసున్నం గట్టిపడడానికి గాలి కావలెను, కాలం కావలెను. మందమైన గోడలో లోపలిదాకా రాయి కావడానికి సంవత్సరాలు పడుతుంది. సిమెంటు గాలికోసం కాచుకొనదు, నీటితోనే గట్టిపడుతుంది. కాలం కలిసివచ్చింది గనుక లోకం సిమెంటును వరించినది. అదీ సున్నపురాతి బిడ్డయేనన్న సంగతి మరువరాదు.

ఇంతవరకు చెప్పినది సున్నం చేసిన మేలు. చెడు కూడా చెప్పవలెను, అది విశాఖలో జరిగినది కాదు, కృష్ణాతీరాన జరిగినది.

పల్నాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ చాయ గల తెల్లని రాయి. దొరలు దానిని పాలరాయి అన్నారు గాని నిజానికి అది సున్నపురాయే. ఉలికి ఎంత లొంగుతుందో నునుపు కూడా అంత పట్టుతుంది. ఈ రాతితోనే క్రీస్తుకు పూర్వం నుంచి క్రీస్తు తరువాత మూడవ శతాబ్ది వరకు తెలుగు శిల్పులు అమరావతి మహాచైత్యాన్ని తొడిగినారు. సుమారు 50 మీటర్ల వ్యాసం గల స్తూపం, చుట్టూ మనిషికి మించిన ఎత్తున ప్రాకారస్తంభాలు, వాటి నిండా పద్మాలు, జాతకకథలు, బుద్ధుని జీవితఘట్టాలు. కాలగతిన అది మట్టిదిబ్బ అయినది. దీపాలదిన్నె అని ఊరివారు దానిని పిలిచేవారు.

1796 ప్రాంతంలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసాన్ని అమరావతికి మార్చుకొన్నాడు. కొత్త పట్టణం కట్టవలెను. ఇటుక కావలెను, రాయి కావలెను, సున్నం కావలెను. దీపాలదిన్నెను తవ్వినారు. ఇటుకలు దొరికినవి, చెక్కిన పలకలు దొరికినవి. ఈ వార్త విని కర్నల్ కాలిన్ మెకంజీ 1797 ప్రాంతంలో వచ్చి కొద్దిసేపు చూసి పోయినాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ భాగం తవ్వి గుంట చేసి ఉన్నది. కొన్ని పలకలు కొత్త కట్టడాలకు పోయినవి. మరికొన్ని సున్నపు బట్టీలకు పోయినవి. చెక్కిన రాళ్ళను కాల్చి సున్నం చేసినారన్న సంగతిని ఆ స్థలాన్ని చూసిన పరిశోధకులే రాసి ఉంచినారు.

ఇందులో వేంకటాద్రినాయుణ్ణి దుర్మార్గుడని చిత్రించడం తేలిక. నేను ఆ పని చేయను. ఆయన గుళ్ళు కట్టించిన దాత. మంగళగిరి గాలిగోపురం ఆయన కట్టించినదే. ఇది మతద్వేషంతో చేసిన పని అనడానికి కూడా నాకు ఆధారం కనబడదు. సున్నపు బట్టీవాని కన్నుతో చూడండి. గనికి పోయి రాయి పగలగొట్టనక్కర లేదు. బండి తోలనక్కర లేదు. పలకలుగా కోసి ఉన్న నిక్కమైన సున్నపురాయి ఊరి పక్కనే, కూలి కూడా లేకుండా పడి ఉన్నది. రాతిమీద మాయాదేవి స్వప్నం ఉన్నా, ఏమీ లేకపోయినా, 900 డిగ్రీలలో నూరు పాళ్ళకు మిగిలేది 56 పాళ్ళే. ఆ రాయి చెక్కడానికి పట్టిన ఏండ్లకు బట్టీలో లెక్క లేదు.

తెలుగువారిని మాత్రమే నిందించడమూ తగదు. రోము నగరంలో మధ్యయుగాలలో ఇదే జరిగినది. చక్రవర్తుల కాలపు పాలరాతి విగ్రహాలను శతాబ్దాల తరబడి సున్నపు బట్టీలలో వేసి కాల్చినారు. ఒక వీధికి వీధే సున్నపు బట్టీలవారిది. చిత్రకారుడు రఫేలు పదవ లియో పోపుకు పంపిన లేఖలో, కొత్త రోము అంతా పాత పాలరాతి సున్నంతోనే కట్టినదని వాపోయినాడు. అది 1519 ప్రాంతపు మాట. ఆ వాపోయిన పోపుల కాలంలోనే పెద్ద దేవాలయాలకు సున్నం కావలసి వచ్చినదన్నది మరొక విచిత్రం.

మెకంజీ రెండవసారి వచ్చినప్పుడు తన సర్వేయర్లచేత అనేక శిల్పాలకు చిత్రాలు గీయించినాడు. ఆ పని 1819 వరకు సాగినది. ఆ చిత్రాలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. ఇందులో గుండె కలుక్కుమనే సంగతి ఒకటి ఉన్నది. ఆ చిత్రాలలో ఉన్న రాళ్ళు కొన్ని నేడు ఎక్కడా లేవు. కాగితం నిలిచినది, శిల పోయినది. వాటిలో ఎన్ని బట్టీకి పోయినవో, ఎన్ని ఏ గోడలోపల ఉన్నవో చెప్పగలవారు లేరు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1845లో వాల్టరు ఇలియట్ తవ్వించి అనేక శిల్పాలను మద్రాసుకు పంపినాడు. అవి అక్కడ కొన్నేండ్లు ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నవి. 1859లో 121 ముక్కలు ఓడెక్కి లండను చేరినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియంలో స్థానం పొందినవి. 1877లో రాబర్టు స్యూయెల్ తవ్వినాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞ మీద మిగిలిన దిబ్బను పూర్తిగా తవ్వివేసినారు. ఆ పని తరువాత వచ్చిన జేమ్సు బర్జెస్ 1881-82లో మిగిలిన రాళ్ళను లెక్కించి చెన్నపట్నం పంపే ఏర్పాటు చేసినాడు. కాపాడబోయినవారి చేతిలో కూడా దిబ్బకు కొంత నష్టమే జరిగినది. నేడు అమరావతి శిల్పాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండనులో, అమరావతిలోని మ్యూజియంలో, ఇంకా పలుచోట్ల చెదరి ఉన్నవి.

బర్జెస్ ఆ రోజులలోనే కృష్ణకు ఉత్తరాన జగ్గయ్యపేట వద్ద ధనంబోడు అనే గుట్ట మీద మరొక స్తూపాన్ని పరిశీలించినాడు. అక్కడి పలకలు కూడా చాలవరకు అప్పటికే తరలిపోయినవి. మిగిలినవాటిలో ఒకటి చక్రవర్తి మాంధాత శిల్పం. చేయి పైకెత్తి నిలబడిన రాజు మీద మేఘాలనుంచి నాణెములు వానగా కురుస్తూ ఉంటాయి. ఎగ్మూరులో నేను ఆ పలక ముందు చాలాసేపు నిలబడినాను. మాంధాత భుజం మీద వేలు ఆనించి చూడవలెనన్న కోరికను ఆపుకొనవలసి వచ్చినది. అంత నునుపైన రాయి!

జగ్గయ్యపేట సున్నపురాయికీ మన విశాఖకూ ఒక సంబంధం ఉన్నది, అందుకే ఆ ఊరి పేరు ఎత్తినాను. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినారు. 1990లో దాని మొదటి బ్లాస్టు ఫర్నేసు 'గోదావరి' వెలిగినది. ఆ ఫర్నేసుకు కావలసిన సున్నపురాతికై కర్మాగారంవారు జగ్గయ్యపేటలో సొంత గనులు ఏర్పరచుకొన్నారు. ఇనుపరాతిలో ఇసుకవంటి మలినం ఉంటుంది. సున్నపురాయి ఫర్నేసు వేడిలో పొడిసున్నమై, ఆ మలినాన్ని పట్టుకొని, కరిగిన చిట్టెంగా ఇనుము మీద తేలుతుంది. చిట్టెం వేరు, ఇనుము వేరు అవుతుంది. ఆ చిట్టెం సిమెంటు తయారీకి పనికి వస్తుంది. పెరట్లో డ్రమ్ములో జరిగినదానికి మొదటి మెట్టు ఇదే. ఒక్క తేడా, ఇక్కడ గోడకు బదులు ఉక్కు. మాంధాత శిల్పాన్ని ఇచ్చిన నేలయే మన ఉక్కునూ శుద్ధి చేసినది. ఈసారి మాత్రం రాయి గనినుంచి వచ్చినది, స్తూపంనుంచి కాదు.

మా మద్దిలపాలెం ఇంటిలో సంక్రాంతి డ్రమ్ము మూలపడి చాలా ఏండ్లయినది. డబ్బాలలో వచ్చే రంగులు వచ్చినవి. గోడకు సున్నం వేయడం తెలిసినవాడు మా వీధిలో ఒక్కడే మిగిలినాడు, ఆయనా ముసలివాడు. చిత్రమేమంటే పాత కట్టడాలను బాగుచేసేవారు ఇప్పుడు సున్నంకోసమే వెతుకుతున్నారు. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. ఇటుక ఉబ్బి పెచ్చులు ఊడుతుంది. సున్నపుపూత చెమ్మను ఆరనిస్తుంది. భీమునిపట్నంలోని ఒలందావారి సమాధులవంటి కట్టడాలకు ఇది ప్రాణసంబంధమైన సంగతి.

సున్నంలోని ఈ రాకపోకలను ఇంటిలోనే చూడదలచిన పిల్లలకు ఒక మాట. పెద్దవారు దగ్గర ఉండగా మాత్రమే చేయండి. తాంబూలపు సున్నం బఠాణీగింజంత తీసి ఒక గ్లాసు నీళ్ళలో కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. ఉదయానికి పైన తేలిన స్వచ్ఛమైన నీటిని మాత్రం మరొక గ్లాసులోకి వంపుకొనండి. అదే సున్నపుతేట. కంటికి తాగునీటివలె ఉంటుంది, కాని నోట పోసుకొనరాదు, కంట పడరాదు. పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్ళతో కడిగి, డాక్టరు వద్దకు పోవలెను. అందులోకి ఒక గొట్టంతో మెల్లగా ఊదండి. ఊదుట మాత్రమే, పీల్చరాదు. ఒక నిమిషం లోపలే నీరు పాలవలె తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును సున్నం పట్టుకొన్నది. ఆ గ్లాసును ఒక మూల పెట్టి మరునాడు చూడండి. నీరు తేరుకొని ఉంటుంది. అడుగున సన్నని తెల్లని పొర ఉంటుంది. అది సున్నపురాయి.